పన్నెండు గ్రాములు ఎక్కువ

ఆదివారం ఉదయం ఏడున్నరకు, సీలు చెక్కుచెదరని పెట్టెలోంచి తీసి తూచేసరికి, నిన్న సాయంత్రం ఎనభై గ్రాములున్న కేకు ముక్క తొంభై రెండు గ్రాములైంది.

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఆ అంకెను నమ్మలేదు.

త్రాసు పళ్ళెం తుడిచాడు. ఆఫీసు నుంచి తెచ్చుకున్న యాభై గ్రాముల పరీక్ష రాయి పెట్టి చూశాడు. సరిగ్గా యాభై. మళ్ళీ ముక్కను పెట్టాడు. తొంభై రెండు.

కేకు తగ్గితే దొంగతనం అనుకోవచ్చు. అసలు ఫ్రిజ్‌లో పెట్టిన ముక్క రాత్రికి రాత్రి ఆరిపోయి గ్రామో రెండు గ్రాములో తగ్గడం మామూలే. అయిదు వారాలుగా తగ్గుతూనే ఉంది. కానీ పెరగడమేమిటి? ఇరవై రెండేళ్ళ సర్వీసులో తక్కువ తూకం కేసులు వేలల్లో పట్టాడు. తూకం ఎక్కువొచ్చిందని లబోదిబోమన్న మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు. మొదటిసారి చూస్తున్నాడు. ఫ్రిజ్ తలుపు మీది స్టీలు రేకులో తన మొహమే కనిపిస్తోంది.

"ఇంట్లో ఎవరూ కదలకండి!" అని అరిచాడు.

"పొయ్యి మీద పాలున్నాయి. మీరే కదలకండి" అంది భార్య వంటింటి అవతలి మూల నుంచి.

పన్నెండు గ్రాముల కేకుకు ఇంత హడావిడా అని ఎవరైనా అనవచ్చు. అలా అనేవాళ్ళు వేబ్రిడ్జి కంతలో ఇరుక్కుని ఉండరు.

రెండు నెలల కిందటి మాట. ఊరి బయట గోదాముల దగ్గర లారీలను సరుకుతో సహా తూచే వేబ్రిడ్జి ఒకటుంది. పైన లారీ నిలబడే ఇనుప పలక, కింద గొయ్యి. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి ఆ గోతిలోకి దిగి, కింద ఉన్న యంత్రాలను పరీక్షించి ముద్ర వెయ్యాలి. దిగడానికి పలకలో నలుచదరపు కంత ఉంటుంది. ఆ రోజు ఆయన కాళ్ళు దిగాయి, మోకాళ్ళు దిగాయి, నడుం దిగింది. పొట్ట దిగలేదు. దిగనూ లేదు, పైకి రానూ లేదు. గంటా పది నిమిషాలు అలా సగం మనిషిగా ఉండిపోయాడు. వెనక పద్నాలుగు లారీలు ఆగిపోయాయి. చివరికి ఒక డ్రైవరు గ్రీజు డబ్బా తెచ్చి నడుం చుట్టూ పూసి, ఆరుగురు కలిసి లాగితే పుటుక్కున ఊడి వచ్చాడు. ఆ రోజు నుంచి లారీల వాళ్ళంతా ఆయన్ని 'బిరడా సార్' అంటున్నారు.

సంగతి పెద్దాఫీసరు చెవిన పడింది. ఆవిడ పొదుపుగా మాట్లాడే మనిషి. "రెండు నెలలు టైమిస్తున్నాను. అదే కంత, మీరే. దూరితే ఫీల్డు డ్యూటీ. దూరకపోతే రికార్డు గది" అంది.

రికార్డు గది! కిటికీ లేని గది, చెదలు పట్టిన ఫైళ్ళు, ఎండాకాలంలో తప్ప మిగతా కాలాల్లో చక్కగా తిరిగే ఫ్యాను. బజారులో తను కనబడగానే కొట్ల వాళ్ళ బొటనవేళ్ళు త్రాసు పళ్ళేల మీంచి ఎగిరిపోవడం చూడనిదే ఈ ఇన్‌స్పెక్టరుకు పొద్దు పోదు. ఆ గదిలో ఎవరి బొటనవేళ్ళు చూస్తాడు?

ఆ పరీక్ష రేపే. సోమవారం, పది గంటలకు.

మొదట సొంత వైద్యం చేసుకున్నాడు. తీపి అన్నది జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పద్దెనిమిది రోజులు ముట్టలేదు. పంతొమ్మిదో రోజున బేకరీ వెనక సందులో కారు ఆపి, మేనకోడలి పుట్టినరోజని అబద్ధమాడి కొన్న కిలో కేకును, చాకు లేక, మెడలోని గుర్తింపు కార్డుతో కోసుకుని, ఆఖరి క్రీమ్ పువ్వు దాకా తినేశాడు. ఆయనకు మేనకోడళ్ళు లేరు.

అప్పుడు భార్య చెవి పట్టుకున్నంత పని చేసి పోషకాహార నిపుణురాలి దగ్గరకు తీసుకెళ్ళింది.

"రోజుకు పదిహేడు వందల కేలరీలు" అందావిడ. "ఆదివారం మటుకు మీకు ఇష్టమైనది ఒక ముక్క. మూడు వందల కేలరీలు. ఆ రోజు లెక్కలోనే కలుపుకోండి, మిగతా పూటలు కాస్త తగ్గించండి. అది మాత్రం మానారో, ఊరుకోను."

"తింటే ఊరుకోరా?"

"మానితే ఊరుకోనంటున్నాను. నోరు పూర్తిగా కట్టేసుకున్నవాడే ఒకరోజు కట్టు తెంచుకుని కేకు మీద పడతాడు. మీ పంతొమ్మిదో రోజు నాకు చెప్పింది మీరే కదా?"

ఆ ఒక్క ముక్క మహిమ అంతా ఇంతా కాదు. సోమవారం బేకరీ ముందు నుంచి తలెత్తుకుని నడిచాడు. బుధవారం ఆఫీసులో ఎవరో స్వీట్లు పంచితే, "నాకు ఆదివారం ఉంది" అన్నాడు గర్వంగా. శనివారం ముక్క తెచ్చి ఎనభై గ్రాములకు చెక్కి, ఆఫీసులో వాడకం మానేసిన తూకపు రాళ్ళ పెట్టెలో పెట్టి, తీగ చుట్టి, సీసపు బిళ్ళతో సీలు నొక్కేవాడు. ఆదివారం పొద్దున సీలు విప్పి తూచేవాడు. సాయంత్రం నాలుగింటికి, చక్కెర లేని కాఫీతో, తినేవాడు. తొంభై ఏడు కిలోల మనిషి తొంభైకి దిగాడు. భార్య దర్జీ. పొట్ట కొలత ఆమె టేపు మీద వారం వారం తగ్గుతోంది.

ఆమె మరో నియమం కూడా పెట్టింది. "ఒకింట్లో రెండు వంటలు నా వల్ల కాదు. అందరికీ ఇదే" అంది. దాంతో ఇంటిల్లిపాదికీ ఉడికించిన క్యాబేజీ, ఉడికించిన బీన్స్, గిన్నె కడిగిన నీళ్ళలాంటి సూపు. ఆదివారం ముక్క మాత్రం ఆయన ఒక్కడిదే.

ఆ ముక్క ఇప్పుడు దర్యాప్తులో ఉంది.

ఇన్‌స్పెక్టరు ముగ్గురినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతురు, వాళ్ళతోనే ఉంటున్న మామగారు. మామగారు బక్కపలచటి మనిషి, పోయినేడు దాకా నలభై ఏళ్ళు పచారీ కొట్టు నడిపాడు.

"నిన్న అయిదింటికి సీలు వేసి నడకకు వెళ్ళాను. ఏడింటికి వచ్చాను. ఆ రెండు గంటలు ఎవరెవరు ఎక్కడున్నారు?"

"నేను షాపులో. ఒకావిడ బ్లౌజు మూడోసారి విప్పి కుడుతున్నాను. కావాలంటే అడగండి, ఆవిడ తిట్టిన తిట్లు కూడా చెబుతుంది" అంది భార్య.

"నేను ఈత క్లాసులో" అంది కూతురు. "అయినా నాన్నా, కేకు పెరిగితే నీకు లాభమే కదా?"

"లాభం కాదమ్మా, నేరం!"

"నేరమైతే తినేసెయ్. నేరమే ఉండదు."

"సాక్ష్యాన్ని తింటారటే ఎక్కడైనా? మామయ్య గారూ, మీరు?"

"అలా పార్కు దాకా వెళ్ళొచ్చాను అల్లుడూ" అన్నాడు మామగారు, బెల్టు ఇంకో కన్నం బిగించుకుంటూ. "క్యాబేజీ అరగాలి కదా."

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి పోషకాహార నిపుణురాలికి కొట్టాడు.

"పన్నెండు గ్రాములా?" అందావిడ నిద్ర గొంతుతో. "నలభై అయిదు కేలరీలు. ఓ పది నిమిషాలు ఎక్కువ నడవండి. ఆదివారం పొద్దున్నే లేపింది దీనికా?"

"ఇక్కడ సీలు ఉల్లంఘన జరిగింది మేడమ్."

"ఏం జరిగినా ముక్క మానకండి. రేపే కదా మీ కంత? ఈరోజు మానితే సాయంత్రానికి మీరు మనిషిగా ఉండరు."

ఫోను పెట్టేశాడు. ఆవిడకు కేలరీలు తెలుసు గానీ చట్టం తెలియదు. సీజు చేసిన సరుకును సీజు చేసినవాడే తినడమా! ముక్కను ప్లాస్టిక్ సంచిలో వేసి, తేదీ, సమయం, బరువు రాసి అతికించాడు. అప్పటికింకా ఎనిమిది కూడా కాలేదు. నాలుగింటికల్లా దొంగను పట్టుకుంటే కేసు మూసేసి ముక్క తినెయ్యొచ్చు అనుకున్నాడు.

పెట్టెను తలకిందులు చేశాడు. ముందు సీలు తను విప్పేదాకా సీలులాగే ఉంది. వెనక మూత మడతబందుకున్న మేకు మీద మాత్రం గీత, కొత్తది, తళతళలాడుతోంది. ఎవరో మేకు లాగి, మూతను వెనక నుంచి ఎత్తి, మళ్ళీ మేకు దిగ్గొట్టారు! ముందు తలుపుకు తాళం, వెనక గోడకు కన్నం. ఈ ఎత్తు కొట్లవాళ్ళకే తెలుస్తుంది.

ముక్క అంచు చూశాడు. చాకుతో కోస్తే కేకు అంచు చిదురుతుంది, పొడి రాలుతుంది. ఇది అద్దంలా ఉంది. సన్నటి తీగతో కోసిన అంచు.

ఇన్‌స్పెక్టరు మెల్లగా తలెత్తాడు.

మామగారు కొట్టులో వెన్న, చీజు, బట్టల సబ్బు కడ్డీలు తీగతోనే కోసేవాడు. త్రాసు పెట్టేది అడిగినవాళ్ళకే. ఎవరూ అడిగేవారు కారు. 'నా చెయ్యే తక్కెడ' అనేవాడు. పద్దెనిమిదేళ్ళ పాటు అల్లుడు ఏటా వచ్చి ఆయన త్రాసు పరీక్షించాడు. ఒక్కసారి కూడా ముల్లు వెంట్రుకవాసి పక్కకు పోలేదు. సొంత మామ కొట్టని వదల్లేదని ఇన్‌స్పెక్టరుకు ఎంత పేరో, అల్లుడి చేతే శభాష్ అనిపించుకున్నానని మామగారికి అంత పేరు.

"మామయ్య గారూ, మీ తీగ ఎక్కడుంది?"

"గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకోనయ్యా. ఇదిగో, జేబులోనే ఉంది" అని, రెండు చివర్లా చెక్క పిడులున్న తీగ తీసి బల్ల మీద పెట్టాడు. "దీంతో నేను ఎనభై కోస్తే ఎనభై వస్తుంది. తొంభై రెండు వచ్చిందంటే అది నా చెయ్యి కాదు. నలభై ఏళ్ళ చెయ్యి."

"నిరూపిస్తారా?"

"కేకు తెప్పించు!"

తెలివైనవాడు ఆవేశంలో చేసే తప్పు ఇలాగే ఉంటుంది. పరీక్షకు ముందు రోజు, పంతొమ్మిదో రోజు చరిత్ర ఉన్న మనిషి, తన సొంత డబ్బుతో, కిలో చాక్లెట్ కేకును ఇంట్లోకి తెప్పించుకున్నాడు.

"మీకు మతి పోయింది" అంది భార్య. అయినా తెచ్చింది కూతురే, ఆయన్ని గడప దాటనివ్వలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి డబ్బా తెరిచారు. నలుగురూ తలలు డబ్బా మీదికి వంచారు. రెండు నెలలుగా ఆ బల్ల మీద అంత అందమైన వస్తువు కనబడలేదు. మామగారు ఒక కన్ను మూశాడు. తీగను బిగించి పట్టి, కేకు మీద అటు ఇటు ఆడించి, ఠక్కున దించాడు.

ఇన్‌స్పెక్టరు ముక్కను త్రాసులో పెట్టాడు.

అరవై ఎనిమిది.

"తాతయ్యా! పన్నెండు తక్కువ!" అంది కూతురు.

మామగారి మొహం పాలిపోయింది. "వయసు" అని గొణిగి తీగను జేబులో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరుకు జాలేసింది. అనవసరంగా పెద్దాయన పరువు తీశాడు. "తక్కువకు మొగ్గే చెయ్యి ఎక్కువ కొయ్యదు. మీరు నిర్దోషి మామయ్య గారూ" అని ప్రకటించాడు. ఉన్న ఒక్క అనుమానితుడూ చేజారిపోయాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంక ఇన్‌స్పెక్టరెంత?

మధ్యాహ్నం క్యాబేజీ తిన్నాడు. రెండింటికి పెట్టెను మళ్ళీ చూశాడు. మూడింటికి బందు మేకుకు భూతద్దం పెట్టాడు. నాలుగైంది.

కాఫీ వచ్చింది. పక్కన ముక్క లేదు.

నాలుగూ పదికి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. నాలుగూ ఇరవైకి డబ్బా మూత ఎత్తి, తీగ కోత నునుపును మరోసారి పరిశీలించాలన్నాడు. నాలుగూ ఇరవై రెండుకు మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వచ్చాడు.

ఆదివారం పూట మెడలో కార్డు! భార్య ఒక్క ఉదుటున లేచింది.

"ఏమండీ. ఆ కార్డు ఇలా ఇవ్వండి."

"నేను డ్యూటీలో ఉన్నానోయ్."

"పంతొమ్మిదో రోజు కూడా డ్యూటీలోనే ఉన్నారు. ఇవ్వండి!"

కార్డు లాక్కుంది. డబ్బాకూ ఆయనకూ మధ్య నిలబడింది. "ఒకటడుగుతాను, చెప్పండి. కొట్టులో తూకం ఎక్కువైతే ఏం చేస్తారు?"

"ఎక్కువైనంత తీసేస్తారు."

"మిగిలింది?"

"మిగిలింది... కొనుక్కున్నవాడిది."

"అంతే కదా. ఎనభై మీవి. ఎక్కువొచ్చిన పన్నెండే దొంగసరుకు. ఆ పన్నెండును సీజు చేసుకుని ఎనభై తినండి. ఏ చట్టం వద్దందో చూపించండి చూద్దాం!"

ఇన్‌స్పెక్టరు చట్టమంతా మనసులో తిరగేశాడు. ఎక్కడా అడ్డు కనబడలేదు. ఇరవై రెండేళ్ళలో తనకు తట్టని పాయింటు దర్జీకి ఎలా తట్టిందని ఆశ్చర్యపోయాడు. ఎక్కువైన గుడ్డ కత్తిరించేవాళ్ళకు అది పెద్ద విషయం కాదు.

పన్నెండు గ్రాములు చెక్కి సంచిలో వేశారు. ఎనభై గ్రాములు పళ్ళెంలోకి వచ్చాయి. కళ్ళు మూసుకుని, చిన్న చెంచాతో, ఇరవై నిమిషాలు తిన్నాడు. ఆఖరి చెంచా తర్వాత కళ్ళు తెరిచేసరికి మళ్ళీ మనిషయ్యాడు. బల్ల మీది కిలో కేకు వైపు చూసి, "అబ్బే, నాకు వచ్చే ఆదివారం ఉందిగా" అన్నాడు.

భార్య ఆలస్యం చెయ్యలేదు. కేకు డబ్బాను ఎదురింటి వాళ్ళకు ఇచ్చేసింది. అది గుమ్మం దాటుతుంటే మామగారు, కదిలిపోయిన రైలు వైపు చూసే ప్రయాణికుడిలా నిలబడి చూశాడు.

సోమవారం పదింటికి వేబ్రిడ్జి దగ్గర జాతరలా ఉంది. పెద్దాఫీసరు ఫైలు పట్టుకుని నిలబడింది. లారీలు దిగి డ్రైవర్లంతా వచ్చారు. ఇంటివాళ్ళు ముగ్గురూ వచ్చారు. కూతురు బడికి డుమ్మా కొట్టింది.

"బిరడా సార్! గ్రీజు ఇప్పుడే పూయమంటారా, ఇరుక్కున్నాకా?" అన్నాడో డ్రైవరు.

"నీ లారీ తూకం అయ్యాక మాట్లాడదాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కాళ్ళు దిగాయి. మోకాళ్ళు దిగాయి. నడుం దిగింది. పొట్ట దగ్గర ఆగాడు.

గ్రీజు డబ్బా మూత తీస్తున్న చప్పుడు వినిపించింది. భార్య చేతిలోని టేపును గుప్పిట్లో నలిపేస్తోంది. ఇన్‌స్పెక్టరు ఆకాశం వైపు చూశాడు. రికార్డు గది ఫ్యాను కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఒంట్లో ఉన్న గాలంతా బయటికి వదిలాడు. చేతులు పైకెత్తాడు.

సర్రుమని జారి, కింద ధబ్బున పడ్డాడు.

డ్రైవర్లు ఈలలేశారు. లారీల్లో మిగిలిన క్లీనర్లు పద్నాలుగు హారన్లు ఒక్కసారి మోగించారు. పెద్దాఫీసరు కంతలోకి తొంగిచూసి, ఫైలులో 'దూరారు' అని రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది. కూతురు గ్రీజు డబ్బాతో ఫొటో దిగింది. అందరూ టీ కొట్టు వైపు నడిచారు.

కింద ఇన్‌స్పెక్టరు టార్చి వెలిగించి పనిలో పడ్డాడు. మొదటి యంత్రానికి ముద్ర నొక్కుతుండగా కంతలో వెలుతురు తగ్గింది. తలెత్తితే మామగారి మొహం.

"అల్లుడూ, నువ్వు పైకి రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఇంకా మూడు ముద్రలున్నాయి. అరగంటైనా పడుతుంది. ఏం మామయ్య గారూ?"

"అరగంట చాలు. అయితే చెబుతాను, విను. ఆ ముక్క తిన్నది నేనే. అరవకు, గోతిలో మోగుతుంది. నువ్వు తొంభై ఏడు కిలోలు, నేను యాభై రెండు. కంతలో ఇరుక్కున్నది నువ్వు, క్యాబేజీ నాకూనా? పోనీలే, అల్లుడి ఉద్యోగం కదా అని అయిదు వారాలు నోరు కట్టుకున్నాను. నీకేమో ఆదివారం ఉందాయె. నాకు ఏ వారమూ లేదే! శనివారం మేకు లాగాను. వేలితో కాస్త రుచి చూద్దామనే లాగాను, ఒట్టు. చూసేసరికి ముక్క లేదు. బేకరీకి పరిగెత్తితే ముక్కలు అయిపోయాయన్నారు, అరకిలో కేకే ఉందన్నారు. తెచ్చి, కోసి, పెట్టెలో పెట్టాను. మిగతాది ఇంట్లో ఉంటే దొరికిపోతానని పార్కులో బెంచీ మీద కూర్చుని తినేశాను. చేత్తోనే. నాకు గుర్తింపు కార్డు లేదు కదా. ఇంకోటి. నిన్న అరవై ఎనిమిది వచ్చిందే, అది వయసు కాదు నాయనా. నలభై ఏళ్ళూ నా చెయ్యి అంతే కోసింది. వెన్నైనా అంతే, సబ్బైనా అంతే. నువ్వు ఏటేటా వచ్చి నా త్రాసు చూశావు గానీ, నా చెయ్యి ఎప్పుడూ చూళ్ళేదు. శనివారం కూడా అలాగే కోద్దామని తీగ పెట్టాను. పెట్టేసరికి నువ్వు గుర్తొచ్చావు. నాలుగింటికి ఆ ముక్క ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటావే, పసిపిల్లాడిలా... ఏమైందో, తీగ దానంతటదే అవతలికి జరిగింది. నలభై ఏళ్ళు ఊరందరికీ తక్కువిచ్చి ఒక్కసారి దొరకలేదయ్యా. జన్మలో ఒక్కసారి, ఒక్క మనిషికి ఎక్కువిచ్చాను. తెల్లారి ఏడున్నరకల్లా పట్టేసుకున్నావు!"